విశ్వేశ్వర శంభువు : రాతిపై మిగిలిన ఒక జీవితము

చరిత్ర గ్రంథములలో రాజుల పేళ్లకు కొదువ లేదు. ఏ రాజు ఎప్పుడు పట్టాభిషిక్తుడయ్యెనో, ఎవరితో యుద్ధము చేసెనో కంఠస్థము చేసి పరీక్షలు వ్రాసినవారమే మనమందరము. కాని ఆ రాజుల కాలమున సత్రములో వంట చేసినవాడెవడు? ఊరికి కుండలు చేసి యిచ్చినవాడెవడు? పురిటి నొప్పులు వచ్చిన పేదరాలు ఎక్కడికి పోయెను? చదువుకొన గోరిన పిల్లవానికి పట్టెడన్నము పెట్టినదెవరు? ఇట్టి ప్రశ్నలకు కావ్యములు గాని, రాజుల వంశావళులు గాని సామాన్యముగా ప్రత్యుత్తరమీయవు. వానికి సమాధానము చాలవరకు రెండు చోట్ల దొరకును. ఒకటి దేవాలయ ప్రాంగణములలోని రాతి శాసనములు. రెండవది మఠములకు సంబంధించిన దానపత్రములు. ఈ రెండును ఒక్క స్తంభము మీదనే కలిసి వచ్చిన అపూర్వమైన సందర్భమొకటి మన తెలుగుదేశమున కలదు. అదియే మల్కాపుర శాసనము. దాని మూలముననే మనకు తెలియవచ్చిన మహాపురుషుడు, కాకతీయ గణపతిదేవ చక్రవర్తికి దీక్షాగురువైన విశ్వేశ్వర శంభువు. ఆయనకే విశ్వేశ్వర శివాచార్యుడనియు, విశ్వేశ్వర దేశికుడనియు నామాంతరములు.

రాయపురమున ఉద్యోగరీత్యా నివసించుచున్న మనకు ఆయన జీవితము తెలిసికొనుటలో ఒక ప్రత్యేకమైన ఆసక్తి ఉండదగును. ఏలయన, ఆయన గురుపరంపర పుట్టి పెరిగినది మన తెలుగుదేశమున కాదు. ఈ మధ్యభారతమున, కలచురి రాజుల యేలుబడిలో. ఆ కలచురుల శాఖయే తరువాత రతనపురమునందును, రాయపురమునందును రాజ్యము చేసినది. తెలుగుదేశమునుండి మనము వచ్చిన త్రోవకు ఎదురుగా, ఇచ్చటి విద్య ఏడు వందల యేండ్లకు పూర్వము కృష్ణాతీరమునకు నడచిపోయినది.

మల్కాపురము గుంటూరు జిల్లా తుళ్లూరు మండలములో కృష్ణానదికి దక్షిణముగా నున్న గ్రామము. అచ్చటి రాతిస్తంభము మీద సంస్కృతమునను తెలుగునను చెక్కబడిన శాసనము శాలివాహన శకము 1183, దుర్మతి సంవత్సరమునకు, అనగా క్రీస్తు శకము 1261కి చెందినది. దీనిని పరిష్కరించి ఆంధ్రేతిహాస పరిశోధక మండలివారి ఆంగ్ల పత్రిక నాలుగవ సంపుటమున ప్రకటించినవారు జయంతి రామయ్య పంతులుగారు. పంతులుగారు డిప్యూటీ కలెక్టరు పదవి నిర్వహించిన ప్రభుత్వోద్యోగి. ఆంధ్ర సాహిత్య పరిషత్తు స్థాపకులు. కచేరీ పనులతో జీవితము గడపినవారు కూడ శాసనముల నుద్ధరింపగలరనుటకు వారే నిదర్శనము.

ఇక విశ్వేశ్వర శంభువు చరిత్ర. ఆయన జన్మస్థానము గౌడదేశమున, అనగా నేటి వంగదేశమున, రాఢా మండలములోని పూర్వగ్రామమని శాసనము తెలుపుచున్నది. తల్లిదండ్రుల పేళ్లు గాని, జన్మ సంవత్సరము గాని, బాల్య విశేషములు గాని ఆ శాసనమునుండి మనకు లభింపలేదు. మఠ పత్రములలో ఇది సహజమే. సన్న్యసించినవానికి పూర్వాశ్రమముతో సంబంధముండదు. తండ్రికి బదులు గురువు, తాతకు బదులు పరమగురువు వచ్చును. కావున గృహస్థుని చరిత్రకు వంశవృక్షమెట్టిదో మఠాధిపతి చరిత్రకు గురుపరంపర అట్టిది. శాసనకర్త ఆ పరంపరను దుర్వాస మహర్షినుండి యెత్తుకొని, మానవ గురువులలో సద్భావ శంభువును ముందు పేర్కొనెను. గంగా నర్మదల నడుమనున్న డాహల మండలమున కలచురి యువరాజదేవుడు ఆ సద్భావ శంభువునకు మూడు లక్షల గ్రామములు భిక్షగా సమర్పించెననియు, ఆయన ఆ భిక్షతో గోలకీ మఠమును స్థాపించెననియు చెప్పబడినది. తరువాత సోమశంభువు, వామశంభువు, శక్తిశంభువు, కీర్తిశంభువు, విమలశివుడు, ధర్మశివుడు అను ఆచార్యుల పేళ్లు వచ్చును. ధర్మశివుని శిష్యుడే మన విశ్వేశ్వరుడు. వీరిలో సోమశంభువు శైవాగమ విధులను క్రోడీకరించి వ్రాసిన పద్ధతి దక్షిణదేశమున కూడ ప్రామాణికమై నిలిచినది.

మూడు లక్షల గ్రామములనగానే పాఠకులకు సందేహము కలుగక మానదు. ఒక రాజు అన్ని గ్రామములను ఒక మఠమునకు ధారపోసెనని అక్షరాల నమ్మవలసిన పని లేదు. ఇది మూడు వందల సంవత్సరములు గడచిన పిమ్మట, దూరదేశమున, శిష్యులు తమ మూలమఠమును గూర్చి గౌరవముతో చెప్పుకొన్న మాట. అయితే అంతమాత్రమున పరంపర యంతయు కల్పితమని త్రోసివేయుటయు న్యాయము కాదు. ఒక సాక్షి మాటను మరియొక సాక్షితో సరిచూడవలెను. ఆ రెండవ సాక్షి జబల్పూరులో దొరకినది.

కలచురి జయసింహుని కాలమున, కలచురి శకము 926లో, అనగా క్రీస్తు శకము 1174 ప్రాంతమున, వెలసిన జబల్పూరు శిలాశాసనము విమలశివుడను రాజగురువును వర్ణించుచున్నది. ఆయన తన గురువైన కీర్తిశివుని పేర కీర్తీశ్వరాలయము కట్టించెను. కీర్తిశివుని గురువు శక్తిశివుడు. శక్తి, కీర్తి, విమల అను ఈ మూడు పేళ్లు ఇదే వరుసలో నర్మదాతీరమునను, కృష్ణాతీరమునను కనబడుచున్నవి. చెక్కినవారు వేరు, కాలము వేరు, రాజ్యము వేరు. ఒకరిని చూచి ఒకరు వ్రాసికొనుట అసంభవము. పైగా సంవత్సరముల లెక్కయు సరిపోవుచున్నది. 1174లో విమలశివుడు; ఆయనకు శిష్యుడు ధర్మశివుడు; ఆయనకు శిష్యుడు విశ్వేశ్వరుడు 1261 నాటికి వృద్ధాచార్యుడు. ఎనుబదియేడు సంవత్సరముల వ్యవధిలో ఇది ఇమిడిపోవును. మఠమువారు తమ గురువుల పేళ్లను ఎంత జాగ్రత్తతో భద్రపరచుకొనిరో దీనివలన స్పష్టము.

గోలకీ మఠమెచ్చట నుండెనను విషయమున పండితులలో ఏకాభిప్రాయము లేదు. గోలకి యనగా గుండ్రనిదని అర్థము చెప్పి, జబల్పూరు సమీపమున భేడాఘాటులో వర్తులాకారముగా నున్న చౌసఠ యోగినీ ఆలయమే దాని స్థానమని కొందరందురు. రీవా ప్రాంతమున గుర్గీయే ఆ స్థానమని మరికొందరందురు. ఏది యెట్లున్నను డాహలమున అట్టి మఠములు వాస్తవముగా నుండెననుటకు సీధీ జిల్లాలోని చంద్రేహె సాక్షి. అచ్చట ప్రబోధశివుడు కట్టించిన రాతిమఠము నేటికిని నిలిచియున్నది. దాని శాసనము 973 నాటిది.

మన రాయపుర పరిసరములకు వచ్చినను ఇదే సంప్రదాయము కనబడును. సిరిపురమునకు సమీపమున సేనకపాటులో దొరకిన శాసనమున, మహాశివగుప్త బాలార్జునుని కాలమున ఒక శివాలయము ఆమర్దక తపోవనమునుండి వచ్చిన శైవాచార్యుని వశము చేయబడిన సంగతి ఉన్నది. రతనపురమున జాజల్లదేవుని 1114 నాటి శాసనము, ఆ రాజు తన పేర వెలయించిన జాజల్లపురమున తాపసులకు మఠము కట్టించిన విషయమును, రుద్రశివుడను ఆయన గురువు బౌద్ధ పండితుడైన దిఙ్నాగుని గ్రంథములను సైతము చదివినవాడను విశేషమును తెలుపుచున్నది. ఆ శాసనముననే జాజల్లదేవునికి కానుకలు పంపిన మండలముల జాబితాలో ఆంధ్రమను పేరును వచ్చును. రాయపురమున మహంత్ ఘాసీదాసు స్మారక సంగ్రహాలయమున ఈ ప్రాంతపు పురాతన శాసనములు పెక్కు భద్రపరుపబడి యున్నవి. దానిని 1875లో నెలకొల్పిన ఘాసీదాసు రాజనందగావ్ సంస్థానాధిపతి, మహంతు. మఠమునకును, రాజ్యమునకును, పురాతన లేఖన రక్షణమునకును ఈ గడ్డపై గల చిరకాల సంబంధమునకు ఇది చక్కని ఉదాహరణము.

విశ్వేశ్వర శంభువు డాహలమును విడిచి తెలుగుదేశమునకు ఎందుకు వచ్చెను? ఇందుకు కారణమును శాసనము చెప్పదు. కాని కాలపరిస్థితులను గమనించినచో కొంత ఊహింపవచ్చును. పదుమూడవ శతాబ్ద ప్రారంభమున గౌడదేశము తురుష్కుల దండయాత్రకు లోబడినది. ఇంచుమించు ఆ కాలముననే త్రిపురి కలచురుల ప్రాభవము క్షీణించి, డాహలములో చాల భాగము చందేలుల వశమైనది. అదే సమయమున దక్షిణమున ఓరుగల్లులో 1199లో సింహాసనమెక్కిన గణపతిదేవుడు ఆంధ్రదేశము నంతను ఏకచ్ఛత్రము క్రిందికి తెచ్చుచుండెను. 1244లో మోటుపల్లి రేవునకు వచ్చు పరదేశ వర్తకులకు అభయశాసనమిచ్చిన రాజు, పరదేశ పండితులకు ఆశ్రయమిచ్చుటలో ఆశ్చర్యము లేదు. రాజునకు దీక్షయు విద్వాంసులును కావలెను. మఠమునకు ఆశ్రయము కావలెను. ఇది ఊహయే యైనను నిరాధారమైన ఊహ కాదు.

గణపతిదేవుడు విశ్వేశ్వర శంభువునొద్ద శివదీక్ష గైకొని, ఆయనను తండ్రిగా భావించెను. చోళ, మాళవ, కలచురి రాజులును ఆయన శిష్యులేయని శాసనము చెప్పును. అందరును దీక్ష పొందినవారే యని నిర్ణయింపలేము గాని, ఆయన పేరు పెక్కు రాజ్యములలో గౌరవింపబడెననుట నిశ్చయము. గణపతిదేవుని విద్యామండపమున కూర్చుండిన ఆచార్యుని ఆకృతిని సైతము కవి మనకు చూపినాడు. జటాజూటము, చెవులకు బంగారు కుండలములు, చుట్టును గౌడదేశపు విద్వాంసులు. ఆయన ఓరుగల్లునకు ఒంటరిగా రాలేదు, తన దేశపు విద్వద్బృందముతో మెలగెననుట దీనివలన గ్రహింపనగును.

ఆయన జీవితమున ప్రధాన ఘట్టము 1261 నాటి దానము. వెలనాటి కండ్రవాటిలోని మందర గ్రామమును, అనగా నేటి మందడమును, గణపతిదేవుడు గురువునకు వాగ్దానము చేసియుండెను. ఆ వాగ్దానమును ఆయన కుమార్తె రుద్రమదేవి శాసనరూపమున స్థిరపరచి, దానికి తోడు వెలగపూడి గ్రామమును, కృష్ణలోని లంకలను కూడ కలిపి యిచ్చెను. తండ్రి నోటిమాటను కూతురు రాతిమాటగా మార్చినది. నోటిమాట మరపు చెందవచ్చును. ఇచ్చినవాడు గతించిన పిమ్మట వివాదమునకు లోబడవచ్చును. లేఖనపు విలువ ఎరిగినవారి కార్యమిది.

దానము పుచ్చుకొన్న ఆచార్యుడు ఆ భూమిని తన మఠభోగములకు వినియోగింపలేదు. అచ్చట విశ్వేశ్వరాలయము, శుద్ధశైవ మఠము, అన్నసత్రము నిర్మించెను. ద్రావిడదేశమునుండి అరువది బ్రాహ్మణ కుటుంబములను రావించి భూములిచ్చి విశ్వేశ్వర గోలకి యను అగ్రహారమును నెలకొల్పెను. మిగిలిన భూమిని మూడు భాగములు చేసెను. ఒక భాగము శివునికి; రెండవది విద్యార్థులకును శుద్ధశైవ మఠమునకును; మూడవది ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, విప్రసత్రమునకు. దేవుడు, విద్య, వైద్యము ఈ మూడింటికిని సమానమైన పాలు పంచిన ఏర్పాటిది. ప్రసవవేదన పడు స్త్రీ కొరకు ప్రత్యేకముగా ఒక శాలను ఏర్పరచి, దానికి శాశ్వతమైన ఆదాయమును కేటాయించవలెనని ఒక సన్న్యాసికి తోచుట ఎంతటి దయామయమైన ఆలోచనయో పాఠకులే యోచింతురు గాక.

ఆ సంస్థలలో పనిచేయువారి పట్టిక ఈ శాసనమునకు ప్రాణము. ఋగ్యజుస్సామ వేదములు చెప్పుటకు ముగ్గురు అధ్యాపకులు, వ్యాకరణ, మీమాంస, తర్క, సాహిత్య, ఆగమములు బోధించుటకు ఐదుగురు, ఒక వైద్యుడు, లెక్కలు వ్రాయుటకు ఒక కాయస్థుడు. ఆలయమున నర్తకీమణులు పదిమంది, మద్దెలవారు ఎనిమిదిమంది, కాశ్మీరదేశీయుడొకడు, గాయికలు. సత్రమున వంటవారు, పరిచారకులు. గ్రామరక్షణకు వీరభద్రులనబడు పదిమంది. ఇక ఊరికి కావలసిన కంసాలి, కంచరి, కమ్మరి, వడ్రంగి, కాసె, కుమ్మరి, మేదరి, మంగలి మున్నగు వృత్తులవారు. ప్రతివారికిని భూమిలో పాలు నిర్ణయింపబడినది. అన్నసత్రమున బ్రాహ్మణులు మొదలు అంత్యకులముల వరకు వచ్చినవారెవరికిని అన్నము లేదనరాదని నియమము. రాజుల విజయములను వర్ణించు పద్యములలో కనబడని ఒక సజీవమైన ఊరు ఈ పట్టికలో మన కన్నులకు కట్టుచున్నది. గౌడదేశపు గురువు, డాహలపు మఠము, ద్రావిడ బ్రాహ్మణులు, కాశ్మీరపు కళావంతుడు, తెలుగు కుమ్మరి అందరును ఒక్క గ్రామమున కూడియుండిరి. ఉద్యోగము కొరకు దేశముల వెంట తిరుగుట మనతో మొదలైనది కాదు.

ఈ శాసనమును చదువునప్పుడు ఒక వివేకము పాటింపవలెను. ఇందు రెండు స్వరములు కలవు. మొదటిది ప్రశస్తి, అందు కవి పొగడుచున్నాడు. మూడు లక్షల గ్రామములు, పాదపీఠముపై రాజుల కిరీటకాంతులు మొదలైనవి ఆ స్వరమునకు చెందినవి. రెండవది దానపత్రము, అందు ఆచార్యుడు భూమిని పంచుచున్నాడు. పొగడ్తలో అతిశయోక్తి అలంకారమగును గాని, పంపకములో అతిశయోక్తి తగవులకు దారితీయును. అందుచేత రెండవ స్వరమును మనమెక్కువగా విశ్వసింపవచ్చును. అందును ఒక హద్దు కలదు. శాసనము చెప్పునది ఏమి జరుగవలెనో. ఏమి జరిగెనో కాదు. ఆరోగ్యశాలలో ఎందరు స్వస్థులైరో, సత్రమున నిజముగా ఎవరికిని అన్నము లేదనలేదో తెలుపుటకు ఆ స్తంభము చాలదు.

శాసనము పలుకని వారి విషయమును కూడ స్మరింపవలెను. వైద్యుడు కలడు, ప్రసూతిశాలలో చేయి పట్టి పురుడు పోసిన మంత్రసాని ఎవరు? నర్తకీమణులు ఎంతమందియో తెలియును. వారి మనస్సులలో ఏమి యుండెనో తెలియదు. మూడు పాళ్ల భూమిని దున్ని పండించిన రైతులెవరు? వారి ఇండ్లలో ధాన్యమెంత మిగిలెను? ధర్మసంస్థ యెంత గొప్పదైనను దాని భారమును మోసినవాడు పొలములోనివాడు. వాని పేరు ఏ స్తంభము మీదను లేదు. మఠ పత్రములను చదువువాడు వ్రాసినదానిని చదువుటతో తృప్తిపడక, వ్రాయనిదానిని గూర్చియు ప్రశ్నించుట నేర్వవలెను.

అయినను విశ్వేశ్వర శంభువు దూరదృష్టిని మెచ్చక తప్పదు. తన తరువాత ఈ ధర్మములను నిర్వహించు ఆచార్యుడు విద్వాంసుడును సదాచారపరుడును కావలెనని ఆయన విధించెను. అట్లు కాక తప్పు నడతకు పాల్పడినచో శైవ సమయమువారు కూడి ఆతనిని తొలగించి మరియొకని నియమింపవచ్చునని అధికారమిచ్చెను. తన పీఠమునెక్కబోవువానిని తొలగించు హక్కును తానే రాతిపై చెక్కించుట సామాన్యమైన విషయము కాదు. చక్రవర్తికి గురువై, అపారమైన గౌరవము పొందిన వ్యక్తి, వ్యక్తులకంటె నియమము గొప్పదని గ్రహించినాడు.

ఆయన కృషి మందడముతో ఆగలేదు. గోదావరీతీరమున కాళేశ్వరమునను, మంథెనలోను, కృష్ణాతీరమున ఏలేశ్వరమునను, ఉత్తర సోమశిలయందును ఆయన ప్రతిష్ఠలును మఠములును వెలసినవి. శ్రీశైలము, త్రిపురాంతకము, పుష్పగిరి క్షేత్రములలో గోలకీ శాఖలు వర్ధిల్లినవి. వీనిలో పురాతన ఏలేశ్వరము నాగార్జునసాగర జలాశయమున మునిగిపోయినది. ఆచార్యుడు ఎప్పుడు, ఎచ్చట శివైక్యము చెందెనో మల్కాపుర స్తంభము తెలుపదు. పుట్టుక తేదీ లేదు, మరణపు తేదీ లేదు; ఉన్నది ఆయన చేసిన పని వివరము. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట కాకతీయుల ధర్మసంస్థలకు ఆ రాజవంశపు అండ తొలగిపోయినది.

కాలచక్రము చిత్రముగా తిరిగినది. నాడు రుద్రమదేవి గురుదక్షిణగా సమర్పించిన వెలగపూడి గ్రామముననే 2016లో ఆంధ్రప్రదేశ్ సచివాలయము నెలకొన్నది. మందడము దాని పొరుగుననే యున్నది. లెక్కలు వ్రాయు కాయస్థునికి భూమి కేటాయించిన ఆ గడ్డమీదనే, నేడు దస్త్రములు వ్రాయు ఉద్యోగులు వేలకొలది సంచరించుచున్నారు.

సర్కారు కొలువులో మనము నిత్యము కాగితములతో కాలము గడపుచున్నాము. జాబితాలు, మంజూరులు, కేటాయింపులు, నియామకపు నిబంధనలు మనకు విసుగు కలిగించుటయు కద్దు. కాని మధ్యయుగపు మానవుని మనకు చూపినది మహాకావ్యము కాదు, అట్టి జాబితాయే. ఏడు వందల అరువది సంవత్సరములకు పూర్వము ఒక సన్న్యాసి తన ఊరి వంటవానిని, వైద్యుని, కుమ్మరిని, బాలింతరాలిని మరువక లెక్కలో చేర్చినందుననే వారు నేటికిని మన తలపులో నిలిచియున్నారు. మన పత్రములలో ఎవరి పేరు చేరునో, ఎవరి పేరు జారిపోవునో అను విషయమున మనమును అంతటి జాగ్రత్త వహించుట ఆ మహనీయునికి తగిన నివాళి. రాయపురమునుండి జబల్పూరు వైపు పోవువారు భేడాఘాటును, స్వస్థలమునకు పోవువారు మల్కాపుర స్తంభమును ఒకసారి దర్శించి, మన పిల్లలకు ఆ రెండు రాళ్ల నడుమనున్న చుట్టరికమును చెప్పుదురు గాక.